బ్యాటరీకి పూసిన గంధం

మొన్న ఆయుధపూజకు గంధం తీస్తుంటే, ఆ వాసనకు చిత్తూరులో మా నాయన పాత జీపు గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు ఆ పండక్కి కత్తిపీట దాకా అన్నిటికీ బొట్టు పెట్టేవాళ్లం, మీకూ గుర్తుండే ఉంటుంది.

నాయన జీపు కడిగి, బ్యాటరీ వైర్లు విప్పి తుడిచాడు. నేను భక్తికొద్దీ వైర్లు తగిలించే బ్యాటరీ కొమ్ములు రెండింటికీ గంధం పూశాను. నాయన గమనించక వాటిమీదే వైర్లు బిగించాడు.

మరునాడు పలమనేరులో పెళ్లికి బయలుదేరితే జీపు స్టార్ట్ కాలేదు. "హారను కొట్టి కొట్టి బ్యాటరీ దించేసినావు గదే" అని నాయన మా చెల్లెలు సుజాతను చెంపమీద కొట్టాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ బల్బు పెట్టాడు. కొమ్ములకు ఆనిస్తే వెలిగింది, వైర్లకు ఆనిస్తే వెలగలేదు. విప్పితే ఎండిన గంధం.

"కరెంటుకే బొట్టు పెట్టినారే, ఎవురు అన్నా, ఈ భక్తురాలు?" అని నవ్వాడు.

"ఇదీ నీ పనేనా?" అని నాయన సుజాతనే అడిగాడు. నేను పూస్తుంటే గంధం గిన్నె పట్టుకున్నది అదే. అయినా నా పేరు చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. శిక్షగా సుజాతను ఇంట్లో అవ్వ దగ్గర వదిలేసి అందరం పెళ్లికి వెళ్లాం.

మొన్న సుజాత వాళ్ల కారుకు నేను బొట్టు పెడుతుంటే తనే గిన్నె పట్టుకుంది. "బ్యాటరీకి మాత్రం వద్దులేక్కా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ గంధం పూసింది నేనే. ఈ మాట నాయన ఉండగా చెప్పాల్సింది.