బేస్‌బాల్ జట్టుకు నేను రాసిన పట్టీ

వేసవి సెలవులిచ్చాక వచ్చిన మొదటి ఆదివారం, పొద్దున సరిగ్గా ఆరున్నర. మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఆటల సారు చేతిలో ఒక కాగితం పెట్టాను. వచ్చే ఏడు మా ఆడపిల్లల బేస్‌బాల్ జట్టులో ఏ తొమ్మిదిమంది ఉండాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు బ్యాటు పట్టాలో అందులో ఉంది. రాసింది నేనే. యాభై దాటాక, పొదుపు సంఘంలో సంతకం పెట్టడానికని అక్షరాలు నేర్చినదాన్ని. ఆ ఒక్క కాగితానికి నాలుగు రోజులు పట్టింది.

గ్రౌండు పక్కనే మా చేను. ఏడేళ్ళ కిందట ఒక బంతి మా శెనక్కాయ చెట్లలో వచ్చి పడింది. చేను తొక్కుతారని తిట్టడానికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని ఆట చూశాను. అంతే, పట్టుకుంది. వాళ్ళ వెంట పుట్టపర్తి దాకా బస్సెక్కి పోయి గొంతు పోయేలా అరిచిన రోజులున్నాయి. మా ఊరి ముసలివాళ్ళు నాకు పిచ్చి అంటారు. వాళ్ళకు వేరే పని లేదు.

ఆట లేని రోజుల్లోనే జట్టు కట్టుకోవాలి. విత్తనం ఎండాకాలంలో ఏరుకోకుండా వాన పడ్డాక వెతుక్కుంటే ఏం లాభం? ఈ ఏడు ముగ్గురు పిల్లలు పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయారు. రెండు ఖాళీలకు పిల్లలు దొరికారు. మూడోదానికే తంటా. సారు మనసులో ఉన్నది ఎనిమిదో తరగతి పిల్ల, మేకపిల్లలా దూకుతుంది. నా మనసులో ఉన్నది వేరే పిల్ల. ఒళ్ళు బరువు, పరుగు రాదు. రెండేళ్ళుగా బయట కూర్చుని బంతులు ఏరుతోంది. కానీ ఆ పిల్ల చేయి చేయి కాదు. గ్రౌండు ఈ చివర నుంచి విసిరితే ఆ చివర గోడకు తగులుతుంది. ఆ వారమే నాతో చెప్పింది: "అవ్వా, ఈ తూరి కూడా పట్టీలో లేకపోతే నేనింక గ్రౌండుకు రాను. అందరూ నవ్వుతాండారు."

నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. ముప్ఫై ఏళ్ళు కలుపు తీసే ఆడవాళ్ళ గుంపును నడిపాను. వరసలో నిదానంగా తీసేదాన్ని ఎప్పుడూ ఇద్దరు చురుకైన వాళ్ళ మధ్య పెడతాం. ఆమె సాలులో కొంచెం వాళ్ళు, కొంచెం వీళ్ళు తీసిపెడతారు. గుంపంతా ఒక్కటిగా కదులుతుంది, ఎవరూ వెనకబడరు. ఆ పిల్ల పేరు కూడా అట్లే రాశాను, బ్యాటు పట్టే వరసలోనూ, గ్రౌండులో అందరి వెనక నిలబడే ముగ్గురిలోనూ.

సారు కాగితం చదివి నవ్వాడు.

"అవ్వా, బ్యాటింగులో ఈ పాపను రెండు కుందేళ్ళ నడమ ఏసినావే, ఎందుకు?"

"కలుపు అట్లే తీస్తాం సారూ. నడమ పెడితే పక్కలోళ్ళు లాక్కపోతారు."

"ఈడ లాక్కపోయేది లేదవ్వా. ముందరి పిల్లను దాటి ఎనకది ఉరకకూడదు. ఈ పాప నిదానంగా పోతాంటే ఎనక వచ్చే కుందేలు ఏం చెయ్యాల? దీని ఎనకాలే దేకాల."

ఏడేళ్ళుగా చూస్తున్న ఆట. ఆ సంగతి నాకు తెలియక కాదు. రాసేటప్పుడు ఆట మరిచి చేను గుర్తొచ్చింది. సిగ్గేసింది గానీ తగ్గలేదు.

"సరే, బ్యాటింగు కొట్టెయ్. నిలబడే జాగా మాత్రం మార్చొద్దు. నడమనే ఉండనీ."

"నడమ బాగా ఉరికే పిల్లను పెడతారవ్వా."

"ఎవురు పెడతారు?"

"అందరూ."

"అందరూ గెలుస్తాండారా? ఒక్క ఆట చూడు సారూ. పనికిరాకపోతే నీ మేకపిల్లనే పెట్టుకో. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉండేదానికైనా చూస్తా."

ఆ రోజు మా పిల్లలతో ఆడడానికి జట్టులో ఇంతకుముందు ఆడి వెళ్ళిపోయిన అక్కలు వచ్చారు. అక్కలు మూడోసారి బ్యాటింగుకు వచ్చినప్పుడు వాళ్ళలో పొడుగు పిల్ల బంతిని బాదింది. అది నడమ నిలబడిన మా పిల్లను దాటి ఎడమ వైపు వెనక్కి దొర్లిపోయింది. మా పిల్ల నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"ఉరుకు పాపా, బంతి నీ కాడికి నడిచొస్తాదా?" అని అక్కలలో ఒకతె అరిచింది.

వచ్చింది. ఎడమ వైపు నిలబడిన కుందేలు గోడ దాకా పరిగెత్తి బంతిని అందుకుంది. అంత దూరం విసిరే సత్తువ దానికి లేదు, మధ్యలో ఉన్న మా పిల్లకు అందించింది. మా పిల్ల తిరిగి ఒక్క విసురు విసిరింది. బంతి ఎక్కడా నేల తాకలేదు, నేరుగా క్యాచర్ గ్లౌజులో పడింది. మూడు బేసులూ చుట్టి మళ్ళీ బ్యాటు పట్టిన చోటికి, ఇంటి బేసుకు, వస్తున్న పొడుగు పిల్ల ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. ఔటు.

సారు బంతిని మా పిల్లకే తిరిగి ఇప్పించి, "మళ్ళా ఇసురు" అన్నాడు.

"ఏం సార్, ఔటు కాదా?"

"ఔటే. మళ్ళా ఇసురు."

మూడుసార్లు విసిరించాడు. "చాలు సార్, నా చెయ్యి మండుతాండాది" అని క్యాచర్ పిల్ల మొరపెట్టుకుంది.

సారు నా పెన్ను అడిగి తీసుకున్నాడు. బ్యాటింగులో ఆ పిల్లను తొమ్మిదో చోటికి దించాడు. నిలబడే చోట నేను రాసింది అట్లే ఉంచాడు. ఆ పిల్ల రొప్పుతూ వచ్చి, కాగితంలో తన పేరు మీద వేలు పెట్టింది.

"ఎవురవ్వా ఇట్ల రాసినారు? వంకరటింకరగా ఉండాది."

"ఉండాది గదా, చాలు" అన్నాను.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: ఆటల సారు, బంతి వేసే పిల్ల, అరచెయ్యి ఎర్రబడిన క్యాచర్ పిల్ల, బేసుల దగ్గర నలుగురు, రెండు పక్కలా రెండు కుందేళ్ళు, తొమ్మిదిమంది అక్కలు, మా జట్టుకు పదో మనిషిగా బయట కూర్చుని మూతి ముడుచుకున్న ఎనిమిదో తరగతి పిల్ల, గట్టు మీద నేను, నడమ ఆ పిల్ల.