క్యాసెట్‌లో దూరిన ఇన్వర్టర్

చలికాలం రాగానే కువైటీలకు ఎడారి మీద ప్రేమ పుడుతుంది. ఆ ప్రేమకు గుడారాలు మోసేది మనం. ఎనభైల మొదట్లో ఓసారి మాకు వీసా ఇచ్చిన కఫీల్ కుటుంబం ఫహాహీల్‌లో మేడ వదిలి, కారవాన్ అనే చక్రాల గదిని పికప్ వెనక తగిలించుకుని ఇసుకలోకి కాపురం మార్చింది. నేను డ్రైవర్ని. వంటకు రాయచోటి దగ్గరి అక్క ఒకామె. తోడుగా ఇరవై మేకలు.

కారవాన్‌లో ఒక ఇన్వర్టర్ ఉండేది. పికప్ బ్యాటరీకి రెండు వైర్లు తగిలిస్తే ఇంటి కరెంటు ఇచ్చే పెట్టె. చిన్న టీవీ, టేప్‌రికార్డర్, అంతవరకే దాని సత్తా. మోత మాత్రం పిండిమరకు సరిపోయేంత.

అక్కను ఎడారిలో మేకలు కాయడానికి పెట్టారని ఊళ్లో ఎవరో పుకారు లేపారు. వెంటనే వచ్చేయమని మొగుడు ఉత్తరం రాశాడు. ఇంకో ఏడాది ఉంటే తప్ప ఆమె ఇంటికి కప్పు పడదు. ఆ సాయంత్రమే ఫహాహీల్ పక్కనున్న అబూ హలీఫా నుంచి ఒకాయన సెలవు మీద ఊరికి బయలుదేరుతున్నాడు. తాను నీడపట్టున వంటపనే చేస్తున్నానని నమ్మించే క్యాసెట్ ఒకటి అక్క ఆయన చేతికివ్వాలి. తీరా చూస్తే రికార్డర్‌లో సెల్లు అయిపోయాయి.

ఇంటి యజమానురాలు మామాను అడిగి, కారవాన్ తలుపు బిగించి, ఇన్వర్టర్ పెట్టాను. బయట మేకలు సాక్ష్యం చెప్పడానికి పోటీ పడుతున్నాయి.

"మ్యాకల అరుపు గూడా పడతాదేమోప్పా."

"పడనీక్కా. పక్కింటోళ్లని చెప్పు."

ఆమె నవ్వలేదు. అరగంట మాట్లాడింది. తిప్పి వింటే మేకలు లేవు గానీ, అక్క గొంతు వెనక మొదట్నుంచీ చివరిదాకా ఇన్వర్టర్ గుర్రుమంటూనే ఉంది. నన్ను తేనెటీగల్లో కూర్చోబెట్టినారనుకుంటాడు మా ఆయన, అని దిగులుపడింది. మళ్లీ రికార్డు చేసే వ్యవధి లేదు. పైగా బ్యాటరీ మొత్తం ఇన్వర్టరే తాగేసింది, పికప్ కదల్లేదు. నీడపట్టున సుఖంగా ఉన్నానని అరగంట చెప్పిన మనిషే ఎండలో దాన్ని తోసింది. నేను స్టీరింగ్ దగ్గర బాధ్యతగా కూర్చున్నాను.

నెలన్నరకు జవాబు క్యాసెట్ వచ్చింది. ఫహాహీల్ ఇంటి వంటగదిలో కొత్త సెల్లు వేసి విన్నాం. మొగుడి గొంతు పంచాయితీలో తీర్పు చెప్పినట్టుంది.

"నీ గదిలో ఏసీ మోత ఊరంతా కూర్చోని విన్యారు. మ్యాకలని వాగినోళ్లు నోరు మూసుకున్యారు. నువ్వు ఇప్పుడే రావద్దులే. ఆ ఏసీ మాత్రం రోంత తగ్గించుకో, జలుబు చేస్తాది."

అక్క ఏడుస్తుందేమోనని నేను తగిన ముఖం సిద్ధం చేసుకున్నాను. ఆమె టేపు ఆపి, చేతులు కడుక్కుంది.

"ఏడాది దొరికిందిలే. యల్లా, ఆ ఎర్రగడ్డలు ఇట్ట తీస్కరా."