బూజు పట్టిన గోడ

ఆ వానాకాలం మా పడకగది గోడకు నల్లటి బూజు పట్టింది. పాపకు దగ్గు తగ్గడం లేదు. వంట ఆవిరి వల్లేనని ఇంటి ఓనరు, పైనుంచి నీళ్లు దిగుతున్నాయని ప్లంబరు, మంచి రంగు వేస్తే పోతుందని పెయింటరు అన్నారు. ఎవరిని నమ్మాలో తెలియక మూడోసారి అమీర్‌పేటలో రంగు డబ్బా కొని, పంజాగుట్టలోని ఇంటికి బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. చేతుల నిండా సిమెంటు పగుళ్లు. బోరబండ నుంచి రోజూ తాపీ పనికి పోతుందట. డబ్బా చూసి అడిగింది.

“బూజుకా బిడ్డా?”

“అవునమ్మా. ఎన్నిసార్లు రంగు వేసినా మళ్లీ వస్తోంది.”

“గోడ లోపల తడి ఉంటే రంగేం జేస్తది? గా గోడ అవతల ఏమున్నది?”

“పక్క ఫ్లాటు.”

“ఎవరుంటరు?”

నాకు తెలియదు. అక్కడికొచ్చి రెండేళ్లయింది.

ఆమె తప్పు పట్టలేదు. ముందు సీటు కడ్డీ మీద తలుపు కొట్టినట్టు రెండుసార్లు కొట్టి చూపించి, తన స్టాపులో దిగిపోయింది. అది సలహానో, మందలింపో నాకు అంతుపట్టలేదు.

డబ్బా చేత్తో పట్టుకునే వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. రెండు ఇళ్ల మధ్య గోడలో పైపు కారుతోందని తర్వాత తేలింది. ఆ రోజు మాత్రం తలుపు తీసినామె చేతిలో నల్లబడిన తడిబట్ట ఉంది. లోపల ఎవరో పసివాడు దగ్గుతున్నాడు.

“మీ వైపు నుంచే తడి వస్తోందనుకున్నానండీ, ఇన్నాళ్లూ,” నా చేతిలోని రంగు డబ్బా చూసి అందామె.