మూడో బెల్టు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళ ఎదురుగా కూర్చుని నవ్వే రకం నేను. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ కాదు. ఇందులో తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. జరిగింది పట్టపగలు.

కృష్ణపట్నం వైపు ఒక బొగ్గు యార్డులో, కంట్రోల్ రూములో నా పని. ఎక్కువగా నైట్ డ్యూటీ. పొద్దున కంపెనీ బస్సు దింపాక, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకోవాలి. మా సంఘంలో చనిపోయారని అనరు, ప్రభువునందు నిద్రించారని అంటారు. నా భార్య అలా నిద్రించినప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఏడుపు కూడా రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. బుర్ర మాత్రం ఊరుకునేది కాదు. గ్యాస్ కట్టేశానా, మోటారు ఆపానా, ఆమె చీరలు ఎవరికివ్వాలి, బస్సు పాసు ఎక్కడ పెట్టాను... ఇదే వరస. డాక్టరు ఫోను పక్క గదిలో పెట్టమన్నాడు, ఊపిరి లెక్కపెట్టుకోమన్నాడు. లెక్క తప్పడం, మళ్ళీ మొదలుపెట్టడం, అదొక డ్యూటీ అయి కూర్చుంది. మా అక్కయితే, "ప్రార్థన చేసుకొని కళ్ళు మూసుకోరా, అదే వస్తాది" అనేది. కళ్ళు మూసుకోవడం వరకు బాగానే జరిగేది.

చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. మా యార్డులో బొగ్గు నాలుగు బెల్టుల మీదుగా, ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీద పడుతూ పోతుంది. ఆపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు బొగ్గు వేయడం ఆపాలి. మొదటి బెల్టు ఖాళీ అయ్యాక దాన్ని ఆపాలి. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. కళ్ళు మూసుకుని మనసులో ఇదే చేసేవాణ్ణి. ఒక్కో బెల్టు చప్పుడు తగ్గుతుంటే, దాంతోపాటే బుర్రలో గోల కూడా తగ్గేది. నాలుగోదాని దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. మూడోది ఆగగానే నిద్ర పట్టేసేది.

ఒకరోజు అలాగే మూడోది ఆపి నిద్రలోకి జారుకున్నాను. కాసేపటికే పక్క గదిలో ఫోను మోగింది. నా తర్వాత డ్యూటీ ఎక్కినతను.

"అన్నా, బెల్టులు వాటంతటవే ఆగినాయి. నువ్వేమన్నా సెట్టింగ్ పెట్టి పోయినావా?"

నేనేమీ పెట్టలేదు. అలాంటి సెట్టింగు మా దగ్గర లేదు కూడా. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పెంచలయ్య అని, బెల్టుల కింద రాలిన బొగ్గు ఎత్తే పని చేస్తాడు. మూడో బెల్టు దగ్గర వంగి ఉండగా అతని మెడలో తువ్వాలు రోలరులో చిక్కుకుంది. పక్కనే ఉండే తాడు లాగితే బెల్టు ఆగుతుంది. కానీ చెయ్యి అందలేదు. మెడ బిగుసుకుపోయి, ముఖం రోలరుకు తగలబోయే సమయానికి బెల్టు ఆగింది.

కరెంటు పోలేదు. తాడు ఎవరూ లాగలేదు. కంట్రోల్ రూములో ఎవరూ బటన్ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి ఆగితే బొగ్గు బెల్టు మీదే ఉండిపోవాలి. మూడు బెల్టులూ ఖాళీగా ఉన్నాయి, ఎవరో తీరిగ్గా వరసగా ఆపినట్టు. నాలుగోది మాత్రం తిరుగుతూనే ఉంది. ఇంజనీర్లు వచ్చి చూశారు. ఏదో సెన్సరు లోపమన్నారు. ఏ సెన్సరో వాళ్ళకూ అంతుపట్టలేదు.

మర్నాడు పెంచలయ్య మెడ చూపించాడు. చుట్టూ కమిలిన గీత. నోరు ఊరుకోక నా నిద్ర ఉపాయం సంగతి అతనికి చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. నాకు భయం వేయలేదు, సంతోషమూ కలగలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆసుపత్రి వరండాలో నా భార్య కోసం రోజుల తరబడి మోకాళ్ళూని అడిగాను. అప్పుడు ఎవరూ వినలేదు. ఇదేమో నేను అడగను కూడా లేదు.

ఆ తర్వాత పెంచలయ్య భార్య సుభాషిణమ్మ నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"అన్నా, ఆయన డ్యూటీకి పోయినాడు. మీరు పండుకోండన్నా."

సరేనమ్మా అంటాను. పడుకుంటాను. బొగ్గు ఆపుతాను. మొదటిది ఆపుతాను, రెండోది ఆపుతాను. మూడోదాని దగ్గరికి రాగానే ఒళ్ళంతా మెలకువ వచ్చేస్తుంది. ఇప్పుడే ఆపాలా, ఇంకాసేపు ఉండాలా? ఆపేసి నిద్రపోయాక అతనికేమైనా అయితే? ఇక సాయంత్రం దాకా కళ్ళు మూసుకుని దాని పక్కనే కాపలా.

ఆ రోజు బెల్టులు ఆపింది యంత్రమో, దేవుడో, నేనో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరినడగాలో కూడా తెలియదు.

ఈమధ్య సుభాషిణమ్మ సూపర్‌వైజరును బతిమాలి, సరిగ్గా నేను ఇంట్లో పడుకునే వేళకే పెంచలయ్యకు డ్యూటీ పడేట్టు చేయించుకుంది. నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకు చెప్పలేదు.