రేకు గోడకు అవతలి చెయ్యి

నాచారం నుంచి మల్లాపూర్ వైపు తిరిగే సందులో కల్పన షెడ్డు. బోర్డు మీద ఇప్పటికీ 'జగన్ ఆటో ఎలక్ట్రికల్స్' అనే ఉంది. ఆమె భర్త జగన్ పోయి రెండేళ్లు. బోర్డు మార్చవా అని ఎవరైనా అడిగితే, "ఆ పేరు సూసే బండ్లొస్తున్నయి" అని పనిలో పడిపోతుంది.

పెళ్లయిన కొత్తలో ఆమె ఆ షెడ్డుకు టిఫిన్ డబ్బా తేవడానికే వచ్చేది. ఒకరోజు జగన్ లావు చెయ్యి పట్టని సందులో వైరు ఇరుక్కుంటే, గాజులు తీసి పక్కన పెట్టి తన చెయ్యి దూర్చింది. ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఒకే పని. కారులో ఇంజన్‌కూ సీట్లకూ మధ్య రేకు గోడ, ఆ గోడకో రబ్బరు అంచున్న కన్నం. వైర్ల కట్టంతా అందులోంచే పోవాలి. ఒకరు బయట నిలబడి తోస్తుంటే, ఇంకొకరు లోపల డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని లాగాలి. బానెట్ లేచి ఉంటుంది గనక ఒకరికొకరు కనపడరు. అందుకని రెండు మాటలు పెట్టుకున్నారు. బయట నుంచి కల్పన "గుంజు" అనేది. లోపలి నుంచి జగన్ "ఇయ్యి" అనేవాడు. అతను లాగే తీరు వేరు. రెండు చిన్న గుంజులు, కాస్త ఆగి ఒక పెద్ద గుంజు.

సైనిక్‌పురి మురళీధర్‌గారి ఎర్ర స్పోర్ట్స్ కారు ఈమధ్య మళ్లీ ఆ షెడ్డుకు వచ్చింది. యాభై ఏళ్ల నాటి విలాయతీ బండి, రెండే సీట్లు, పైకప్పు లేదు. దాని వైరింగంతా ఒకప్పుడు జగనే కొత్తగా కట్టాడు. ఇప్పుడు ఎలుకలు కొరికేశాయి.

"కొరికిన కాడ కోసి కొత్త వైరు అతుకుత సర్. మిగిలింది మంచిగనే ఉన్నది," అంది కల్పన.

"అతుకులొద్దమ్మా. మొన్న ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర డ్యాష్‌బోర్డులోంచి పొగ వచ్చింది. ఈ వయసులో బండిలోంచి దూకానంటే నమ్ము!"

పక్క షెడ్డులో లేత్ మిషన్ నడిపే బిక్షపతి మెడ చాచాడు. "పైకప్పు లేదు గాబట్టి దూకిన్రు సర్. ఉంటే మీ సంగతేంది?"

మురళీధర్‌గారు నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. కల్పన నవ్వలేదు. జగన్ చుట్టిన వైర్ల కట్టల్లో తిరిగి ఆమె చేతికొచ్చింది ఇదొక్కటే. బయటికి తీస్తే పాత సామాన్ల వాడికి పోతుంది. వాడు రాగి కోసం కాల్చేస్తాడు.

కొత్త కట్ట తయారైంది. పలక మీద మేకులు కొట్టి, పాతదాని కొలతకు తనే కట్టింది. అయినా పాతదాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు. కట్టకు చుట్టిన టేపు చివర ఒక్క అంగుళం విప్పి చూసింది. జగన్‌ది ఎడమ చేతివాటం, చుట్టు కూడా అటే తిరిగి ఉంది. జిగురు మీద అతని బొటనవేలి గుర్తు. అప్పుడే డ్యాష్‌బోర్డులో ఇండికేటర్ టిక్కుమంది. ఆమె బ్యాటరీ వైపు చూసింది. అది విప్పి, మూలన స్టూలు మీద ఉంది.

"ఏం చెల్లె, బండి బాగుజేస్తున్నవా, వానికి దినాలు జేస్తున్నవా? గుంజి పారెయ్యి," అన్నాడు బిక్షపతి, బువ్వకు పోతూ.

"నీ లేత్ నువ్వు సూస్కో అన్న."

కరెంటు పోయింది. సందంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. మిట్టమధ్యాహ్నం, రేకుల మీద ఎండ చిటపటమంటోంది. ఇక తప్పదనుకుంది. ఇంజన్ వైపు కొసలన్నీ ఊడదీసి, వాటికి గట్టి తాడు కట్టింది. ఇప్పుడు లోపలికి వెళ్లి లాగాలి. పాత కట్ట వస్తుంది, దాని వెనకే తాడు వస్తుంది, ఆ తాడుతో కొత్తది లాగొచ్చు. కానీ పాత అలవాటు. నిలబడ్డ చోటే ఉండి, నోరు జారి, "గుంజు" అనేసింది.

కట్ట కదిలింది.

రెండు చిన్న గుంజులు. కాస్త ఆగి ఒక పెద్ద గుంజు.

కల్పన రెండు చేతులతో పట్టు బిగించింది. "వద్దు," అంది మెల్లగా. అవతలి లాగుడు ఆగలేదు, పెరగలేదు. అదే వరస. ఆమె పిడికిట్లో ఎలుకలు కొరికిన చోట వైరు పటుక్కున చిట్లింది. ఇంకా పట్టుకుంటే జగన్ చుట్టింది తన చేతుల్లోనే తెగిపోతుంది. వదిలితే పోతుంది. కళ్లు మూసుకుని వేళ్లు విప్పింది.

కట్ట తొందర లేకుండా లోపలికి పోయింది. కన్నం దగ్గర, కట్టలోంచి చీలిన ప్రతి వైరు కొమ్మా ముడుచుకుని, ఎక్కడా గీసుకోకుండా జారింది. దాని వెనక తాడు పోయి, మూరెడు మిగిలాక ఆగింది.

చాలాసేపటికి ఆమె బానెట్ చుట్టూ తిరిగి వచ్చింది. సీట్లో ఎవరూ లేరు. కింద పాత కట్ట గుండ్రంగా చుట్టి ఉంది, ఎడమ వైపు తిప్పి, కొసను లోపలికి దోపి.

కల్పన ఏడవలేదు. బయటకు వెళ్లి మిగిలిన మూరెడు తాడుకు కొత్త కట్ట ముడేసింది. వచ్చి, జగన్ పడుకునే చోట వెల్లకిలా పడుకుని తాడు అందుకుంది. బయట నుంచి ఒకరు తొయ్యకపోతే కొమ్మలు కన్నంలో ఇరుక్కుంటాయి. బిక్షపతి ఇంకా రాలేదు. తల ఎత్తితే బానెట్ కింది సందులోంచి ఇంజన్ వైపు చూడొచ్చు. ఆమె చూడలేదు. రెండుసార్లు చిన్నగా గుంజింది, ఆగింది.

"ఇయ్యి," అంది.

చేతిలో బిగిసిన తాడు వదులైంది. కొత్త కట్ట మొదటి కొమ్మ, ఎవరో వేళ్లతో మడిచి అందించినట్టు, కన్నంలోంచి ఆమె అరచేతిలోకి వచ్చింది.