కాలువ తెలిసిన మస్తానమ్మ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను ప్రొద్దుటూరులో టీచరుగా చేరాను. మేం అద్దెకు దిగిన వీధిలో మురుగు కాలువ తీసే పని మస్తానమ్మది. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక ఆయన పార ఆమె చేతికొచ్చింది. పొద్దున్నే కాలువ వెంబడి వంగి నడుస్తూ, ఒక్కోసారి ఆగి నీళ్లకేసి చూసి, తలెత్తకుండానే అనేది:

"టీచరమ్మా, నిన్న మీ ఇంట్లో వడలు చేసినట్టుండారే."

నేను నవ్వేసేదాన్ని. వాసన పట్టి ఉంటుందిలే అనుకునేదాన్ని.

మరుసటి ఏడు దీపావళికి వారం ముందు ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మా గడప ముందు నిలబడి, "మూకుడు అడుగున మిగిలే నూనె మడ్డి కాలవలో పొయ్యొద్దు తల్లీ. పొయ్యి బూడిదా ఎయ్యొద్దు. రెండూ కలిస్తే రాయైపోతాది. పాత కుండలో పోసి పెట్టండి, నేనొచ్చి ఎత్తుకపోతా" అంది.

సరేనన్నాను. పండగ నాడు కజ్జికాయలు, అత్తిరసాలు వండి వండి అలసిపోయి, మడ్డిలో వేణ్ణీళ్లు కలిపి కాలువలోనే గుమ్మరించాను. వేడికి కరిగి పోతుందిలే అనుకున్నాను. వీధిలో అందరూ అదే పని చేశారని తర్వాత తెలిసింది.

మూడో రోజు తుఫాను వాన పట్టుకుంది. మా వీధి కాలువ చివర రోడ్డు కింద తూములోంచి అవతలి పెద్ద కాలువలో కలుస్తుంది. పొద్దున పదింటికల్లా ఆ తూము పూడిపోయింది. వీధి పల్లపు కొసన అఖ్తర్ బీ ఇల్లు. ఆమె కూతురు ప్రసవించి ఐదు రోజులే అయింది. మురుగు నీళ్లు గడప దాటి బాలింత మంచం కోళ్లదాకా వచ్చాయి. అఖ్తర్ బీ కొడుకు లాల్ బాషా మగ్గం నేసేవాడు. అతను వెదురు బొంగు తెచ్చి తూములోకి పొడిచాడు. అది కాస్తా విరిగింది.

అప్పుడు మస్తానమ్మ గోనెసంచి కప్పుకుని, భుజాన మోకు తాడు, చేతిలో కొడవలితో వచ్చింది.

"యాడ పొడుస్తాండావప్పా? మడ్డి గడ్డకట్టి అడుగున పట్టుకోనుండాది. అవతల పక్కనుంచి పోయి కోస్తా."

"గడ్డ ఊడితే నీళ్లన్నీ నీ మీదకే వస్తాయి కదా పెద్దమ్మా!" అన్నాడు లాల్ బాషా.

"అందుకే ఈ మోకు. రెండుసార్లు లాగితే గుంజుకో."

తూము మనిషి పాక్కుంటూ పోయేంతే ఉంది. రోడ్డు అవతలికి పోయి, మోకు నడుముకు కట్టుకుని, రెండో కొస మగాళ్ల చేతికిచ్చి, కొడవలి పళ్లతో కరిచి లోపలికి పాకింది. కాసేపటికి అరికాళ్లు కూడా కనబడలేదు. మోకు కొంచెం కొంచెంగా లోపలికి పోతుంటే అందరం దాన్నే చూస్తున్నాం. ఒకచోట అది ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మోకు రెండుసార్లు కదిలింది. నలుగురు మగాళ్లు ఒక్క ఊపున గుంజారు. తూములోంచి పెద్ద హోరు. నల్లటి నీళ్లతో పాటే మస్తానమ్మ కొట్టుకొచ్చింది. మోచేతులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. రెండు చేతులా ఏదో రొమ్ముకు అదుముకుని ఉంది. లేచి నిలబడి మొహం తుడుచుకుని, "ముందు పోయి ఆ బాలింతను సూడండి" అంది.

ఆమె తెచ్చింది తిరగలి రాయంత గడ్డ. వాన తెరిపి ఇచ్చాక అరుగు మీద పెట్టి కొడవలితో రెండుగా చీల్చింది. లోపల పొరలు పొరలుగా ఉంది. మధ్య మధ్య బూడిద చారలు.

"అడుగున ఇది ఉగాదిది. ఈ తెల్ల కొవ్వు రంజాన్‌ది. ఇది చవితి నాటిది. పైన మెత్తగుండేది మొన్నటిది."

మా వీధి ఏడాదంతా ఏం వండుకుందో అందులో ఉంది. ఆమె చదువుతుంటే, అక్షరాలు నేర్పే నేను నోరు తెరుచుకుని విన్నాను. పై పొరలో నల్ల నువ్వులున్నాయి. అత్తిరసాలకు నల్ల నువ్వులు అద్దేది మా వీధిలో నేనొక్కదాన్నే. మస్తానమ్మ వేలు వాటి మీద ఆగింది. నా మొహంలోకి చూసింది. వేలు పక్కకు జరిపింది.

"అది నాదే మస్తానమ్మా" అన్నాను.

"అందరిదీ ఉండాది లే టీచరమ్మా."

మర్నాడు వీధిలో ప్రతి గడప పక్కనా ఒక పాత కుండ వెలిసింది. మస్తానమ్మ వాటిలోని మడ్డి ఎత్తుకుపోయి, కాల్చిన గడ్డి మసి కలిపి నూరి, ఎడ్లబండ్ల ఇరుసులకు కందెనగా బండివాళ్లకు ఇచ్చేది. అన్నం మెతుకులు, చింతపండు పిప్పి పెంటదిబ్బకు పోయేవి. పక్క వీధుల ఆడవాళ్లు తమ వీధికీ రమ్మని ఆమెను పిలుచుకుపోయారు.

మూడు వానాకాలాలు గడిచినా మా తూము పూడలేదు. జమ్మలమడుగు నుంచి ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆ సంగతి విని చూడ్డానికి వచ్చాడు.

"ఏం మందు వేస్తున్నావమ్మా దీంట్లో?"

"మందు యాడిది సార్! చెయ్యి పెట్టి సూడండి, జిడ్డు తగుల్తాదేమో."

ఆయన ఇటూ అటూ చూశాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేయి మోచేతి పైకి మడిచి, కాలువ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేయి నీళ్లలోకి దించి అడుగు రాళ్లు తడిమాడు. ఎక్కడా జిడ్డు తగలక, ఇంకా ముందుకు తడుముతూ చాలాసేపు లేవలేదు.