కంప్యూటర్ మరిచిన నా బరువు

మా డయాలసిస్ సిస్టర్ గారు పోయారని మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. గుండెపోటట. ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌లోని వాళ్లింటికి నడిచే వెళ్లాను. నా ఒంటితో అంత దూరం నడిచానని తెలిస్తే ఆవిడ చివాట్లు పెట్టేవారు.

ఆమె సొంతూరు తుర్కయంజాల్. నాది కోస్తా, ఇక్కడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. "రాష్ట్రం రావాలె సార్. గని మీరు యాడికీ పోవద్దు, దినం ఇడిసి దినం నా దగ్గరికే రావాలె" అని నవ్వేవారు.

ఆమెకో మొండి అలవాటుండేది. ఒంట్లో చేరిన నీరు తీసేశాక మనిషి ఎంత బరువుండాలో, ఆ అంకె రోగి నోటితో చెబితేగాని సూది ముట్టుకునేవారు కాదు. మిగతావాళ్లు బడిపిల్లల్లా అప్పజెప్పేవారు. లెక్కల మాస్టార్నై ఉండీ నేను మాత్రం కంప్యూటర్ చూసి చదివేవాణ్ని.

"అన్నీ అందులో ఉన్నాయి కదండీ!"

"పానం మీది గద సార్. మీ నోట్ల ఉండాలె."

ఒక సోమవారం ఆ కంప్యూటర్లో మా వివరాలేవీ తెరుచుకోలేదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మూతపడిందట. 'ఇన్నాళ్ల ఆదరణకు కృతజ్ఞతలు' అంటూ యాజమాన్యానికి ముందే ఉత్తరం రాశారట. వీళ్లు దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకున్నారు. సూదులు పొడిపించుకునే మాకు చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. వీధి చివర టైలరు కొట్టు ఎత్తేస్తూ కూడా, ఎవరి బట్టలు వాళ్లు పట్టుకెళ్లండని కబురు పెడతాడే! మా ప్రాణాల లెక్క దాచుకున్నవాళ్లకు ఆపాటి సిగ్గు లేకపోయింది.

నా వంతొచ్చింది. అంకె గుర్తుకు రాలేదు.

"అందాజాగ పెట్టెయ్ సిస్టర్, ఇంక మంది ఉన్నరు" అన్నాడు మేనేజరు.

నీరు ఎక్కువ లాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. ఆమె మిషన్‌కు చెయ్యి అడ్డం పెట్టారు. "అందాజాగ ఏసేది కూరల ఉప్పు సార్!" అని అతని మీద గయ్యిమన్నారు. తర్వాత నావైపు తిరిగి, "అరవై ఒకటిన్నర. మీరు యాది పెట్టుకోరని నేనే పెట్టుకున్న" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు బతికింది మాత్రం ఆమె వల్లే.

మొన్న వాళ్లింట్లో ఆమె భర్త నా చేతికో రిజిస్టర్డ్ కవరిచ్చారు. ఆ కంపెనీకి ఆమె రాసింది. "నిన్న వాపస్ వచ్చింది సార్. పొద్దుగాల ఆమెకు చూపిద్దామనుకున్న" అన్నారాయన. పైన 'ఖాళీ చేసి వెళ్లారు' అని పోస్ట్‌మన్ రాత. విప్పాను. మా పాత రక్తపరీక్షలు, మందుల మోతాదులు మాకిచ్చేయమని రెండే రెండు వాక్యాలు. కింద మా అందరి పేర్లు. ఒక్కొక్క పేరు ఎదురుగా, కంపెనీవాళ్లు జవాబు రాయడానికని, ఆమె స్కేలు పెట్టి గీసిన ఖాళీ గీత.